నాంపల్లి మేడ మీద ఫాసిజం వ్రతం

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళంతా చార్మినార్ గురించి చెబుతారు. నేను చార్మినార్ చూడలేదు. గోలకొండా చూడలేదు. "అన్ని రోజులుండి ఏం చూశావయ్యా?" అని మా హెడ్మాస్టరు అడిగితే, "ఒక గ్లాసు చూశానండి" అన్నాను. ఆయన నావంక అదోలా చూసి, సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించమంటావా అని అడిగారు. అందుకే ఈ రాత. వెళ్ళనివాళ్ళు ఎప్పుడైనా వెళ్ళినప్పుడు చార్మినార్ చూసుకోండి. గ్లాసు సంగతి మాత్రం నేను చెబుతాను.

నేను బెజవాడలో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పుకునేవాణ్ణి. యుద్ధం వచ్చిన దగ్గర్నుంచి మా ఊళ్ళో ప్రతి అరుగు మీదా యూరప్ పటం పరిచి ఉంటోంది. పేకాట మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. కిందటేడు ఒక సభలో నేను నియంతల మీద గంటసేపు మాట్లాడాను. జనం సగంలోనే కాఫీకి లేచారు గానీ, ముందు వరసలో నల్లకోటు పెద్దమనిషి ఒకాయన తల ఊపుతూ చివరిదాకా కూర్చున్నారు. ఆయన హైదరాబాదు వకీలు కిషన్‌రావుగారు. అలాంటి శ్రోతను ఏ వక్తా మరిచిపోడు.

మొన్న ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. నాంపల్లిలో వాళ్ళ పఠన సంఘం ఏడాదిగా ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నదట. ఫాసిజం మన మధ్యకు వస్తే ఎలా గుర్తుపట్టాలి, ఎలా ఎదిరించాలి అన్నది ఆ పుస్తకం విషయమట. చివరి రెండు అధ్యాయాలూ ఒకే వారంలో మీ అధ్యక్షతన ముగిద్దాం, రమ్మన్నారు. అధ్యక్షత అన్న మాట వింటే నేను కాస్త మెత్తబడతాను. మా ఆవిడ ఈ గుణానికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను.

సరిహద్దులో ఆవకాయ

రైలు నైజాం హద్దు దాటగానే సుంకం జవాను మా పెట్టెలోకి ఎక్కాడు.

"కితాబులేమన్న ఉన్నయా?"

లేవన్నాను. పుస్తకాలు తేవద్దని కిషన్‌రావుగారు ముందే చెప్పి పంపారు.

"మరి గా జాడీల ఏమున్నది?"

"ఆవకాయ."

"అమ్మెతందుకా?"

"తినడానికయ్యా."

"గింతనా?" అని ఆశ్చర్యపోయి, వాసెన గుడ్డ విప్పి, వాసన చూసి, రెండు తుమ్ములు తుమ్మి, నాకు సలాం కొట్టి దిగిపోయాడు. మంచివాడే. కాకపోతే గుడ్డ మళ్ళీ కట్టడం వాడికి చేతకాలేదు. కాజీపేటలో బండి ఒక్క కుదుపు కుదిపేసరికి ఎర్రటి నూనె నా కొత్త పంచె మీదికి దిగింది. నాంపల్లి స్టేషన్లో నేను నడుస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. ఎవరినో పొడిచి వస్తున్నాననుకుని ఉంటారు.

ఇక్కడి రూపాయి వేరు. మన రూపాయిని కల్దారు అంటారు, మారిస్తే పైన కొన్ని అణాలు కలిపి ఇస్తారు. ఆ లెక్కన దిగిన పది నిమిషాలకే నేను బెజవాడలో ఉన్నప్పటికంటే ధనవంతుణ్ణయ్యాను. జట్కావాడు ఆ బరువు వెంటనే దించాడు.

సభ కాదు, వ్రతం

కిషన్‌రావుగారి ఇల్లు స్టేషన్ వెనక సందులో ఉంది. రెండంతస్తుల మేడ, తలుపులన్నిటికీ ఎర్రరంగు. నేను జట్కా దిగుతూనే "మీటింగు ఎన్నింటికండీ?" అని అడిగితే ఆయన నా నోరు మూసినంత పని చేశారు.

"జర మెల్లగ పంతులుగారూ! గీడ మీటింగు అనొద్దు. వ్రతం అనాలె."

సంగతేమిటంటే, నలుగురు కూడి మాట్లాడుకోవాలంటే ఈ రాజ్యంలో అనుమతి కావాలి. అర్జీ పెడితే, ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు, ముందే రాసిమ్మంటారు. సత్యనారాయణ వ్రతానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని మా వకీలుగారు ఏడాది పొడుగునా వారం వారం వ్రతం చేస్తున్నారు. పీట, పటం, అరటిపిలకలు, గోధుమరవ్వ ప్రసాదం అన్నీ పద్ధతి ప్రకారం ఉంటాయి. కథ మాత్రం ఉండదు, దాని బదులు ఫాసిజం. వాడకట్టులో ఆయనంత భక్తుడు లేడని పేరొచ్చింది. ఫాసిజం మీద ఆసక్తి లేనివాళ్ళు కూడా ప్రసాదం మీద ఆసక్తితో వస్తారు గనక సంఘం పుష్టిగానే ఉంది.

ఆయన భార్య అనసూయమ్మగారు నా పంచె చూసి, అది అడిగి తీసుకుని కుంకుడురసంలో నానేశారు. సాయంత్రానికి తిరిగిస్తూ, "మరక పోలేదు పంతులుగారూ. ఆవకాయ మాత్రం మస్తుగున్నది" అన్నారు. ఆమె మేడ మీదికి రారు. ప్రసాదం గిన్నె పట్టుకుని తలుపు వెనక నిలబడతారు, గిన్నె అందించి వెళ్ళిపోతారు. అలాగని నేననుకున్నాను.

కిటికీలో గ్లాసు

మేడ మీద ఇరవై మందిదాకా చేరారు. గుమాస్తాలు, వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. కిషన్‌రావుగారు గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోమంటే కూర్చున్నారు. గదిలో ఒకే ఒక్క కుర్చీ, అది ఆయనది. ఒకాయన రెండు వారాలు వరసగా ప్రశ్నలడిగితే పేరు కొట్టేశారట. "క్రమశిక్షణ లేకుంటె నియంతల నెట్ల ఎదిరిస్తం?" అన్నారు నాతో. ఆ రోజు అధ్యక్షుణ్ణి నేను గనక కుర్చీ నాకిచ్చారు గానీ, దాని చెయ్యి మీద నుంచి తన చెయ్యి తీయలేదు.

పుస్తకం చదివేది రూతమ్మ టీచరు. మెదక్ వైపు మనిషి, మిషన్ స్కూల్లో పని చేస్తుంది, ముప్పయ్యేళ్ళుంటాయి. ఇక్కడి చదువులూ కోర్టులూ అన్నీ ఉర్దూలో గనక, ఇంగ్లీషు పుస్తకాన్ని వాక్యం వెంట వాక్యం తెలుగులో చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. పుస్తకం కూడా ఆమెదే. తన దేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని టీచరు ఇచ్చిందట. పైన కీర్తనల పుస్తకం అట్ట తొడిగింది. ఆమె గడప దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుంది. లోపల ఇంత చోటుండగా అక్కడెందుకని అడిగాను.

"గాడ గాలి బాగ వస్తది" అన్నారు పక్కనున్న లక్ష్మయ్య సేఠ్. ఆయనకు అబిడ్స్‌లో బట్టల దుకాణం ఉంది.

ఆ రోజు అధ్యాయం గుర్తుల గురించి. వాళ్ళు ముందు ఎవరినీ కొట్టరట. ముందు ఒక గుర్తు పెడతారట. దుకాణం తలుపు మీదో, పార్కులో బల్ల మీదో, కోటు మీదో. అది శిక్ష అనరు, సౌకర్యం అంటారు. ఇరుగుపొరుగువాళ్ళు "నాకు వాళ్ళంటే ఏ పట్టింపూ లేదు, పద్ధతి అలా ఉంది, మనమేం చేస్తాం" అంటారు. ఆ మాట అలవాటయ్యాక మిగతాదంతా తేలిక. రూతమ్మ గొంతు పెంచకుండా, ఆగకుండా చెబుతోంది. సంఘమంతా చ్చుచ్చు మంది. లక్ష్మయ్య సేఠ్ కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత పాపిష్టి దేశమో సూడున్రి! మనిషికి గుర్తు పెట్టుడేంది?"

నాకేమో ఆవకాయ పుణ్యమా అని గొంతు ఎండిపోతోంది. కిటికీ పక్కన వెడల్పు మూతి నీళ్ళ కూజా ఉంది. గ్లాసులు వరసగా అవతలి గోడ దగ్గర బోర్లించి ఉన్నాయి. కిటికీలో మాత్రం ఒక గ్లాసు విడిగా ఉంది, అడుగున ఎర్రరంగు పట్టీతో. అతిథికోసం పెట్టారనుకున్నాను. కూజాలో ముంచుకుని రెండు గ్లాసులు తాగాను. ప్రాణం లేచొచ్చింది. గ్లాసు దించి చూస్తే, గదిలో అందరి కళ్ళూ నా చేతి మీదున్నాయి. రూతమ్మ చదవడం ఆపేసింది.

"పంతులుగారూ... అది టీచరమ్మ గ్లాసు" అన్నారు కిషన్‌రావుగారు.

"అయితే?"

"అయితె ఏం లేదు. నాకైతె ఏ పట్టింపు లేదు. ఇంట్ల ఆడోల్లు ఉన్నరు గద. ఆడోల్ల పట్టింపులు. మనమేం జేస్తం?"

తలుపు వెనక గిన్నె మీద గరిటె గట్టిగా చప్పుడైంది. ఆ తర్వాత జరిగిన చర్చ నా జన్మలో మరిచిపోను. యూరప్ పక్కకు పోయింది. గ్లాసు కూజాలో మునిగింది గనక కూజా పగలగొట్టాలా వద్దా? పగలగొడితే వ్రతం రోజున కుండ పగలడం శుభమా అశుభమా? పంతులుగారు బ్రాహ్మలు, ఈ పూట వాళ్ళ భోజనం ఎక్కడ? పంచగవ్యం ఇప్పిస్తే చాలా, స్నానం కూడా కావాలా? లక్ష్మయ్య సేఠ్ నన్ను నఖశిఖపర్యంతం చూసి, "నీళ్ళు లోపటికి పోయినై గద, పై స్నానం ఏం పనికొస్తది?" అని శాస్త్రీయమైన సందేహం లేవదీశారు. నేనే చర్చనీయాంశం గనక అధ్యక్షుడిగా నాకు మాట్లాడే హక్కు లేదన్నారు.

"ఫికర్ చెయ్యకున్రి" అంది రూతమ్మ, పుస్తకంలోంచి తలెత్తి. "ఆ గ్లాసుల నేనెన్నడు తాగలే."

"ఇయ్యాల తాగలేదా?" అన్నారు కిషన్‌రావుగారు ఆశగా.

"ఏడాది సంది తాగలే. చదువుడైనంక ఇంటికి పోయి తాగుత."

తలలు వాలిపోతాయనుకున్నాను. ఒక్కరైనా సిగ్గుపడతారనుకున్నాను. గదంతా ఒక్కసారి "హమ్మయ్య" అంది. లక్ష్మయ్య సేఠ్ చప్పట్లు కొట్టారు. "అంటె అది కొత్త గ్లాసు కిందనే లెక్క!" కిషన్‌రావుగారు నన్ను కావలించుకుని, "గండం గడిచింది. కానియ్యి టీచరమ్మా" అన్నారు. ఆమె ఆపిన వాక్యం దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అధ్యక్షుడి ముగింపు మాటలు చెప్పమంటే తలనొప్పి అన్నాను.

అబిడ్స్‌లో ఖాకీ

మర్నాడు లక్ష్మయ్య సేఠ్ నన్ను అబిడ్స్ చూపిస్తానని తీసుకుపోయారు. అబిడ్స్ అంటే అద్దాల దుకాణాలు, బస్సులు, పెద్ద తపాలాఫీసు, ఏమీ కొనకుండా గంటల తరబడి తిరిగే సూటు దొరలు. మొదట ఇరానీ హోటల్లో కూర్చున్నాం. పాలరాతి బల్లలు, రెండు పైసలకు చిక్కటి చాయ, తీపీ ఉప్పూ తేల్చుకోలేని బిస్కెట్టు. ఒక బల్ల దగ్గర ఎర్రటోపీ, ఇంకో దగ్గర తలపాగా, మూలన నిలువు నామం. అందరికీ అవే కప్పులు. ఏ కప్పు ఎవరు తాగిందో అడిగేవాడు లేడు.

మా బెజవాడ కాఫీ హోటళ్ళు గుర్తొచ్చాయి. అక్కడ 'బ్రాహ్మణులకు మాత్రమే' అని బోర్డు రాసి, వేరే గది పెడతారు. నాంపల్లివాళ్ళు రంగు పూసి సరిపెట్టుకున్నారు, మేం అక్షరాల్లో రాసుకున్నాం. మాది చదువుకున్నవాళ్ళు ఎక్కువున్న జిల్లా మరి.

సేఠ్ దుకాణంలో ఎటు చూసినా ఖాకీ తానులే.

"ఇంత ఖాకీ ఎవరికండీ?"

"కసరత్తు సంఘాలకు. ఈ యాడాది మస్తు గిరాకీ. గా మతపోల్లకు పొడుగు లాగులు, గీ మతపోల్లకు పొట్టి లాగులు. బట్ట ఒక్కటే."

"మీ పుస్తకంలో యూనిఫారాల అధ్యాయం లేదా?"

"ఎందుకు లేదు? నాలుగో అధ్యాయం. మంచిగుండె. యూరపోల్లు ఉత్త పిచ్చోల్లు పంతులుగారూ, అందరొక్కతీరు అంగీలేసుకొని తిరుగుడేంది?"

అంతలో వీధిలో కవాతు వచ్చింది. వందమంది కుర్రాళ్ళు భుజాన కర్రలతో, ఒకే అరుపు అరుస్తూ. జట్కాలు ఆగాయి. కాయలమ్మేవాళ్ళు తట్టలు వెనక్కి లాక్కున్నారు. ఎవరూ వాళ్ళ కళ్ళలోకి చూడలేదు. సేఠ్ మాత్రం గుమ్మంలో నిలబడి, వరస వరసా పరిశీలించి, "కుట్టు మంచిగొచ్చింది" అన్నారు.

తపాలాఫీసు మెట్ల దగ్గర, గోడకు ఆనుకుని, సంచీ గుండెలకు అదుముకుని ఒకామె నిలబడి ఉంది. కవాతు వెళ్ళిపోయాక గానీ ఆమె రూతమ్మ అని గుర్తుపట్టలేదు. నేను సేఠ్‌కు దండం పెట్టి వీధి దాటాను.

రూతమ్మ వాళ్ళింట్లో

మిషన్ స్కూలు వెనక రెండు గదుల క్వార్టరు. తల్లీ కూతురూ ఉంటారు. పిలవకపోయినా నేనే వస్తానన్నాను. గడపలో ముసలావిడ నా జంధ్యం చూసి ఆగింది.

"మాయింట్ల తింటరా అయ్యా?"

"ఆకలిగా ఉందమ్మా" అన్నాను.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. పుంటికూర అంటే మన గోంగూరే, పేరు మార్చుకుని ఇక్కడ కాపురం చేస్తోంది. ఇత్తడి గ్లాసుతో నీళ్ళు పెట్టి, తాగుతానా లేదా అని ఎదురుగా నిలబడింది. తాగాక "ఇంకో రొట్టె పెట్టనా?" అంది. మూడు రొట్టెలు తిన్నాను. నిజం చెప్పాలంటే వకీలుగారింటి భోజనం కంటే బాగుంది.

"ఇంత జరిగితే అక్కడికి ఎందుకు వెళ్తున్నావమ్మా?" అని రూతమ్మను అడిగాను.

"గా పిలగాల్లు పోతుంటె రోడ్డు మీద ఒక్కదాన్ని నిలవడ్డ, చూసిన్రు గద సార్. రేపు ఏమన్న అయితె నా పక్కన ఎవరన్న నిలవడాలె. గా ఇరవై మంది తప్ప నాకీ ఊళ్ళె ఎవరున్నరు? పుస్తకం ఒక్కదాన్నే చదువుకుంటె భయమైతది. నలుగురిల చదివితె ధైర్యమొస్తదనుకున్న."

"మరి ఆ గ్లాసు సంగతి అడగలేదేం?"

"అడుగుతె మార్చి ఇస్తరేమో, మొకమాటానికి. అట్ల ఇచ్చుడు నాకొద్దు. గుర్తు ఎట్ల పెడ్తరో పుస్తకమే చెప్తున్నది గద. ఒక్కలకన్న తట్టాలె. ఆఖరి పేజీ అయ్యేలోపు ఎవరన్న ఒక్కలు మామూలు గ్లాసుల నీళ్ళు ఇస్తరని చూస్తున్న."

"ఇవ్వకపోతే?"

"పుస్తకం తీస్కొని వచ్చేస్త. మల్ల ఆ మెట్లెక్క."

"మిగిలింది రేపు ఒక్క అధ్యాయమేగా?"

"ఔ. అందుకే మీరు వాళ్ళకు చెప్పొద్దు. చెప్తె ఇన్ని దినాలు నేను ఎదురుచూసిందంత ఖరాబైతది" అంది.

చెప్పనని మాటిచ్చాను. తీరా బయటికొచ్చాక, ఆ మాట ఎందుకిచ్చానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఏడాది దాహాన్ని ఒక్క సాయంత్రం మీద పందెం కాయడమంటే నాకు భయం వేసింది.

శనివారం పొద్దున ఉప్మా పెడుతున్న అనసూయమ్మగారిని మాత్రం ఉండబట్టలేక ఒక్క మాట అడిగాను. "ఆ గ్లాసుకు రంగు మీరే వేశారా అమ్మా?"

ఆమె గరిటె కింద పెట్టేశారు. "నేనా? తలుపులకు రంగేస్తుంటె, మా వోరే పెయింటర్‌ను పిలిచి మిగిలిన రంగు గ్లాసుకు ఏపిచ్చిన్రు. పేరేమో ఆడోల్లది. మొన్న తలుపెనక ఇన్నప్పుడే నాకు మండింది."

"మీరు వింటారా?"

"ఏడాది సంది ఇంటనే ఉన్న. ప్రసాదం గిన్నెకు అంతసేపు పడ్తదా పంతులుగారూ?"

ఆఖరి అధ్యాయం

ఆ సాయంత్రం సంఘం కొత్త బట్టలు కట్టుకొచ్చింది. ముగింపు గనక ప్రసాదంలో జీడిపప్పు కూడా వేశారు. మేడ మీద అలాంటిదే కొత్త కూజా. పాతది ఏమైందని నేను అడగలేదు.

ఆ అధ్యాయంలో వీరులెవరూ లేరు. తుపాకులూ లేవు. గుర్తు పెట్టిన మనిషి పక్కన నిలబడమంటుంది. చూడనట్టు నటించొద్దంటుంది. పద్ధతి అలా ఉందని చెప్పే పద్ధతి మానుకోమంటుంది. అంతకంటే పెద్ద ఉపాయాలు ఆ రచయితకు తెలియవట. ఇంత చిన్న సంగతికి అంత లావు పుస్తకం దేనికని నాకు మొదట అనిపించింది. రూతమ్మ గొంతు పేజీ పేజీకీ పొడిబారుతోంది. రెండుసార్లు దగ్గు వచ్చి ఆగింది. ఆగినప్పుడల్లా నేను ఇరవై మొహాలూ వెతికాను. సంఘం కార్యదర్శి ఆవలింత మింగుతున్నారు. లక్ష్మయ్య సేఠ్ జీడిపప్పు కోసం తలుపు సందులోకి చూస్తున్నారు. బోర్లించిన గ్లాసులు గోడ దగ్గరే ఉన్నాయి. లేచి ఒకటి అందిద్దామని మనసు పీకుతున్నా, ఆమెకిచ్చిన మాట అడ్డం వచ్చింది.

పుస్తకం అయిపోయింది. ఆమె అట్ట మూసి, ఒడిలో పెట్టుకుని, కూజా వైపు చూసింది.

కిషన్‌రావుగారు లేచి తీర్మానం చదివారు. యూరపు నియంతలను ఈ సంఘం తీవ్రంగా ఖండిస్తున్నది. ఏకగ్రీవం. యూరప్ వణికిపోయి ఉంటుంది.

"ఇగ ఇంకొక్క ముఖ్యమైన పని" అన్నారు ఆయన. "మొన్న గ్లాసు విషయంల జరిగింది అందరికి ఎరుకే. టీచరమ్మ ఏడాది సంది మనకోసం ఎంత కష్టపడ్డది! మనం ఏం చేసినం అని నాకు మనసుల బాధైంది."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. రూతమ్మ తలెత్తింది. ఆమె మొహం అప్పుడు వెలిగింది.

ఆయన కండువా చాటు నుంచి కాగితం పొట్లం తీసి విప్పారు. తళతళలాడే జర్మన్ వెండి గ్లాసు. దాని మీద అందమైన అక్షరాలతో 'రూతమ్మ టీచరు' అని చెక్కించారు.

"అబిడ్స్‌ల చేపిచ్చిన. ఇగ రంగు అక్కర్లేదు, పేరే ఉన్నది. ఇగ ఎవ్వరు పొరపాటు పడరు. గా కిటికీలనే పెడ్తం."

సంఘం చప్పట్లు కొట్టింది. సేఠ్‌కు మళ్ళీ కళ్ళు చెమర్చాయి. కార్యదర్శి కూజా ఎత్తి, పైనుంచి పోయడానికి సిద్ధంగా నిలబడ్డారు.

రూతమ్మ పుస్తకం స్టూలు మీద పెట్టి, లేచి గ్లాసు అందుకుంది. తన పేరు ఒకసారి చదువుకుంది. "మీరు పొయ్యకున్రి సార్. నేనే ముంచుకుంట" అని కూజా ఆయన చేతిలోంచి తీసుకుని కింద పెట్టి, గ్లాసు, చేతివేళ్ళతో సహా అందులో ముంచింది. అందరి ఎదుటా, గ్లాసు కరుచుకుని, గుటక గుటకా చప్పుడయ్యేలా తాగింది. మళ్ళీ ముంచింది. నిండు గ్లాసు కిషన్‌రావుగారి ముందు పట్టింది.

"పేరు నాదే వకీలు సాబ్. నీళ్ళు మీయే. తాగున్రి."

ఆయనకు ఆ రోజు ఉపవాసమని గుర్తొచ్చింది. సేఠ్‌కు గొంతు నొప్పి. కార్యదర్శికి నీళ్ళు పడవు. మిగతావాళ్ళు నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతున్నారు. నేను చెయ్యి చాచాను.

"మీరు కాదు పంతులుగారూ. మీరు మొన్ననే తాగిన్రు" అంది.

ఆమె గ్లాసుతోనే తన స్టూలు వైపు తిరిగింది. నీళ్ళు తొణికి పుస్తకం మీద పడ్డాయి. అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది. అనసూయమ్మగారు ప్రసాదం గిన్నె గడప మీద పెట్టి, ఆ గదిలోకి మొదటిసారిగా అడుగు పెట్టారు. రూతమ్మ చేతిలో గ్లాసు తీసుకుని, తనూ కరుచుకుని, అడుగంటా తాగేశారు. మూతి కొంగుతో తుడుచుకుని మొగుడి వైపు తిరిగారు.

"ఆడోల్ల పట్టింపు అయిపోయింది. ఇప్పుడు చెప్పున్రి, ఇంకెవరిదున్నది?"

ఆమె రూతమ్మ చెయ్యి పట్టుకుని కిందికి, వంటింట్లోకి తీసుకుపోయారు. సంఘం ప్రసాదం ముట్టకుండా మెట్లు దిగింది. జీడిపప్పంతా నాకే మిగిలింది.

మళ్ళీ స్టేషన్

ఆదివారం పొద్దున బండికి ముందు చాయ తాగుదామని స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లోకి వెళ్ళాను. మూల బల్ల దగ్గర కిషన్‌రావుగారు మూడో చాయ మీదున్నారు. ముందు బిస్కెట్ల ప్లేటు ఖాళీ. రాత్రి భోజనం కూడా ఇక్కడే అయిందట.

"ఇంట్లో వండలేదా?"

"వండింది. పొయ్యి ఎలుగుతున్నది, తినెటోల్లు తినచ్చు అన్నది. ఎట్ల తినాలె పంతులుగారూ? ఆ చేత్తోని..."

"మరి ఈ కప్పు ఎవరెవరు తాగారో!"

"ఇది హోటలు. ఇంటి సంగతి వేరు" అన్నారు చిరాగ్గా. చాయ ఇంకో గుక్క తాగి గోడు వెళ్ళబోసుకున్నారు. టీచరమ్మను పుస్తకం మళ్ళీ మొదటి అధ్యాయం నుంచి చెప్పమన్నదట అనసూయమ్మ, ఈసారి వంటింట్లో. వాడకట్టు ఆడవాళ్ళు నలుగురు వస్తామన్నారట. వాళ్ళకు వ్రతం కూడా అక్కర్లేదు, వంటింట్లో ఏం చదువుతున్నారని ఎవరూ అడగరు. టీచరమ్మ వస్తానన్నదట.

"ఆ వెండి గ్లాసు?"

"బియ్యం డబ్బల ఏసింది. దానితోని కొలుస్తున్నది" అన్నారు, ఏడుపు గొంతుతో. "ఇగ మా ఇంట్ల ప్రతి మెతుకు టీచరమ్మ పేరు మీదనే ఉడుకుతది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నొచ్చుకున్నారు గానీ, పెద్దమనిషి, నా చాయ డబ్బులు కూడా తనే ఇచ్చారు. జాడీలో మిగిలిన ఆవకాయ ఆయన ముందు పెట్టాను. హోటలు రొట్టెలోకి పనికొస్తుందని. బండి గంట కొట్టారు. లేచి చెయ్యి పట్టుకుని, వీడ్కోలుగా ఆయన ఎంతో నమ్మకంతో అన్నారు:

"ఏమన్న అనున్రి, పుస్తకం మాత్రం మస్తు పుస్తకం. యూరపోల్లు తప్పక చదవాలె."